సొరుగులు సజావుగా తెరుచుకుంటున్నవి

నేను ఒక బండిని. బస్టాండులో అరటిపళ్లు పెట్టుకుని తోసే బండిని కాదు. ఆసుపత్రిలో ఎవరికైనా ఊపిరి అందకపోతే, గుండె తడబడితే, పరుగున మంచం పక్కకు తోసుకు రావలసిన మందుల బండిని. నాలుగు చక్రాలు, అయిదు సొరుగులు, నెత్తిన స్టీలు పళ్లెం, ఒంటికి ఎర్ర రంగు. నర్సులు నన్ను క్రాష్ కార్టు అంటారు, ఆయాలు ఎర్రబండి అంటారు.

పేరేదైనా నేనొక కొట్టునే. కొట్టు బతుకును కొట్టు పద్ధతిలోనే చూడాలి: ఎన్నిసార్లు తెరిచారు, వచ్చినవాళ్ల అవసరం తీరిందా లేదా. సరుకు నింపడానికి తీసినవి పక్కన పెడితే నన్ను తెరిచింది మూడే మూడుసార్లు. అందులో ఒక్కసారీ ఎవరి అవసరమూ తీరలేదు. ఇంతకంటే నష్టపు వ్యాపారం నేను ఎక్కడా వినలేదు.

నన్ను పుట్టించింది విజయవాడ ఆటోనగర్‌లో మస్తాన్ అనే వెల్డరు. లారీలకు టూల్ బాక్సులు చేసే చేయి అది. ఆసుపత్రి పని రావడం అదే మొదలు కావడంతో పెళ్లికూతురిని ముస్తాబు చేసినట్టు చేశాడు. నన్ను అప్పజెప్పడానికి తనే లారీ ఎక్కి వచ్చాడు. ఊరు పేరు చెప్పను. రైలు ఆగుతుంది గాని ఎక్కువసేపు ఆగని ఊరు. ఆసుపత్రి పేరు అసలే చెప్పను.

దించుకున్నది మేనేజరు వల్లభరావు గారు. తెల్ల చొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు. మస్తాన్ నా సొరుగులన్నీ ఒక్కొక్కటీ లాగి చూపించాడు.

"వారానికోసారి ఇట్టా లాగి తోస్తా ఉండండి సార్. నెలకో చుక్క మిషను నూనె. లేకపోతే పట్టేస్తయ్యి."

"లాగేదేముందయ్యా? సీలు వేస్తాం."

"సీలేస్తే లాగేదెట్టా సార్?"

"లాగకూడదనే కదయ్యా సీలు!"

మస్తాన్ నన్నోసారి చూశాడు, ఆయన్నోసారి చూశాడు. "షాపు పెట్టి షట్టరు దించుకుంటానంటే వద్దనడానికి నేనెవర్ని సార్" అని నవ్వి వెళ్లిపోయాడు.

నిజం చెప్పుకోవాలి, సీలు చెడ్డది కాదు. వేలెడు ప్లాస్టిక్ పట్టీ, దాని మీద ఒక నంబరు. గట్టిగా లాగితే తెగుతుంది. 'లోపల సరుకంతా ఉంది, నమ్మి తెంచు' అని దాని అర్థం. ఆ ఆసుపత్రికి వచ్చేసరికి ఆ అర్థం తిరగబడింది. సీలు తెంచినవాళ్లు ఎందుకు తెంచారో మెమో రాయాలి. మెమో మీద ముగ్గురి సంతకాలు కావాలి. సోమవారం పొద్దున జరిగే మీటింగులో లేచి నిలబడి జవాబు చెప్పాలి. మీటింగు జరిగేది నర్సుల బల్ల దగ్గర, నా ఎదురుగానే. నాలుగేళ్లలో నేను విన్న ప్రతి మీటింగూ "ఎవరు చేశారు?" అనే మాటతోనే మొదలైంది.

నా పక్కన ప్లాస్టిక్ కవరులో ఒక చెక్కు కాగితం వేలాడేది. ఎక్కడినుంచో చూసి దింపిన కాగితం. ఒకటో తారీఖున వంతు ప్రకారం ఒక నర్సు దాన్ని నింపాలి. సీలు నంబరు సరిపోయింది, టిక్కు. పళ్లెం శుభ్రంగా ఉంది, టిక్కు. సొరుగులు సజావుగా తెరుచుకుంటున్నవి, టిక్కు. సీలు వేసి ఉండగా సొరుగు తెరుచుకుంటుందో లేదో ఎలా తెలుస్తుందని ఒక్కరూ అడగలేదు. అడిగితే, "అయితే ఇన్నాళ్లూ టిక్కు పెట్టింది ఎవరు?" అనే ప్రశ్న వస్తుంది. అదీ నిజమే కదా!

నేను చేరిన ఆరు నెలలకు దీవెన అనే కొత్త నర్సు వచ్చింది. మార్కాపురం వైపు పిల్ల, ఇరవై మూడేళ్లు ఉంటాయి. నడకలో తొందర. రెండేళ్లు ఇక్కడే పనిచేస్తానని రాసిచ్చి, తన ఒరిజినల్ సర్టిఫికెట్లు వల్లభరావు గారి బీరువాలో పెట్టింది. అక్కడ అందరివీ అలాగే ఉండేవి. గవర్నమెంటు నర్సు పోస్టు రావాలన్నది ఆ పిల్ల ఆశ. దానికి ఆ కాగితాలు కావాలి, కాగితాలకు ఆ బీరువా తాళం కావాలి, తాళానికి ఆయన మనసు కావాలి.

చేరిన రెండో నెలలో ఒక పెద్దాయన స్కానింగు గది ముందు నిలువునా కూలిపోయాడు. దీవెన వెనకా ముందూ చూడకుండా నన్ను ఈడ్చుకుంటూ వెళ్లి, టప్పున సీలు తెంచి, పై సొరుగు లాగింది. అప్పటికి నా సొరుగు వెన్నలా జారేది. మొదటి బేరమని నా ఆనందం నాది. ఇంతలో పెద్దాయన కళ్లు తెరిచి, "పొద్దున్నుంచి ఏం తిననియ్యలేదమ్మా, కాఫీ చుక్క పోయించు" అన్నాడు.

సోమవారం వచ్చింది.

"సీలు ఎవరు తెంచారు?"

దీవెన లేచింది.

"ఏమ్మా, రేపు ఎవరైనా బజ్జీ తిని తేన్చినా బండి తెరుస్తావా?" అన్నారు వల్లభరావు గారు. అందరూ నవ్వారు. నవ్వనివాళ్లు కూడా ఆయన చూస్తున్నారని నవ్వారు. "కంగారు తగ్గించుకో. నీ సర్టిఫికెట్ల పక్కనే నీ మెమో పెడుతున్నా."

ఆ రోజునుంచి పిల్లకు 'సీలు సిస్టర్' అని పేరు పడింది. లిఫ్టు అబ్బాయి కూడా, "సిస్టరుగారూ, లిఫ్టు తలుపు మీరు తెరుస్తారా, నన్ను తెరవమంటారా?" అనేవాడు.

ఆ మధ్యాహ్నం ఇన్‌చార్జి రాహేలు సిస్టరు ఆమెను నా పక్కకు పిలిచింది. రాహేలమ్మ ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న మనిషి. కఠినురాలు కాదు. ఎక్కడ తల వంచాలో మెడకు అలవాటైపోయిన మనిషి.

"పిల్లా, ఇంకెప్పుడూ బండి జోలికి పోమాక. మన బల్ల వెనక బీరువాలో బిస్కెట్ల డబ్బా ఉంది చూడు. ముఖ్యమైనవి రెండేసి ఉంటాయి అందులో. అవసరమైతే అక్కడ తీసుకో, తర్వాత మళ్లీ తెచ్చి పెట్టు. మెమో లేదు, మీటింగు లేదు."

"మరి బండి ఎందుకు సిస్టర్?"

"చూడ్డానికొచ్చే పెద్దమనుషులకి."

అలా నా ఎదురుగానే నాకు పోటీగా ఒక చాటు అంగడి నడిచింది. దానికి జాబితా లేదు, సీలు లేదు, ఎవరేం తీశారో తెలీదు. కానీ బేరమంతా దానిదే. నన్ను మాత్రం రోజుకు రెండు పూటలా బ్లీచింగు నీళ్లతో తుడిచేవారు. తళతళలాడేదాన్ని. ఆ నీళ్లు సందుల్లోంచి దిగి, సొరుగుల పట్టాల మీద నిలిచేవి. వానాకాలం వెళ్లేసరికి పై సొరుగు పట్టాకు తుప్పు ఎక్కింది. నాకు తెలుస్తూనే ఉంది. కాని సీలు వేసిన కొట్టు కేక పెట్టగలదా? ఆ ఏడాదే తనిఖీకి ముగ్గురు వచ్చి నా ఫోటో తీసుకుని, "ఎంత పద్ధతిగా పెట్టుకున్నారండీ" అని వెళ్లారు.

నన్ను నన్నుగా గుర్తించిన మనిషి ఒక్కతే వచ్చింది. పేరు నాగరత్నం. బస్టాండు దగ్గర ఇడ్లీబండి. కాలికి పుండు పడి ముదిరితే చేరింది. నాకు ఎదురుగా ఆరో నంబరు మంచం. వ్యాపారస్తురాలు కదా, పడుకుని కూడా చుట్టూ బేరసారాలు గమనిస్తూనే ఉండేది. అయిదో రోజు పొద్దున దీవెనను అడగనే అడిగింది.

"ఏంది పాపా ఈ బండి? నేనొచ్చిన కాడినుంచి చూస్తన్నా, ఒక్కసారన్నా మూత తీయలేదు. బేరం లేదా?"

దీవెన నవ్వింది. "దీనికి బేరం రాకూడదనే కోరుకోవాలి పిన్నిగారూ."

"అట్టాంటి యాపారం కూడా ఉందా తల్లీ!" నాగరత్నం నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "రంగు బానే ఉంది. కానీ తీయకుండా పెడితే పట్టేయదూ? మేం నాలుగు రోజులు బండి కట్టేసి తిరణాలకి పోయొస్తే చాలు, అర ఒక పట్టాన రాదు. పక్కనుంచి ఒక తాపు తన్నాలి. అప్పుడు కిక్కురుమనకుండా తెరుచుకుద్ది. మా ఆయనా అంతే అనుకో."

దీవెన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. ఎందుకంటే ఆ రోజు ఒకటో తారీఖు, చెక్కు కాగితం నింపే వంతు తనది. నా దగ్గరికి వచ్చి కాగితం తీసింది. సీలు నంబరు చూసి టిక్కు పెట్టింది. పళ్లేనికి టిక్కు పెట్టింది. మూడో వరస దగ్గర పెన్ను ఆగింది. పై సొరుగు పిడి మీద రెండు వేళ్లు వేసి మెల్లగా లాగి చూసింది. సీలు బిగుసుకుంది. అంతకంటే లాగితే తెగుతుంది. తెగితే సోమవారం. రెండేళ్ల గడువుకు ఇంకా పదకొండు నెలలు ఉన్నాయి.

పెన్ను ఎంతసేపు ఆగిందో నాకు తెలుసు. ఒక మనిషి ఊపిరి పీల్చి వదిలినంతసేపు. తర్వాత టిక్కు పడింది.

మర్నాడు పొద్దున పదిన్నర. పెద్ద డాక్టరు గారు పై అంతస్తులో రౌండ్సులో ఉన్నారు. ఆయన రౌండ్సులో ఉండగా ఎవరూ పిలవకూడదు, అది గోడ మీద రాయని నియమం. దీవెన నాగరత్నానికి కొత్త యాంటీబయాటిక్ ఇంజెక్షను ఇచ్చింది. ముందుగా చర్మం మీద పరీక్ష చేసే ఇచ్చింది, అందులో ఆ పిల్ల తప్పు లేదు. రెండు నిమిషాలకు నాగరత్నం మెడ గోక్కుంది.

"పాపా, ఒళ్లంతా చీమలు పాకినట్టుంది."

చూస్తుండగానే పెదవులు ఉబ్బాయి. గొంతులో ఈల మొదలైంది. ఏం జరుగుతోందో దీవెనకు తెలుసు. ఏ మందు కావాలో తెలుసు. ఆ మందు నా పై సొరుగులో ఎడమ వైపు గడిలో, ఎర్ర చీటీ అంటించి, ఆమెకు ఆరడుగుల దూరంలో ఉంది.

ఆమె బిస్కెట్ల డబ్బా దగ్గరికి పరుగెత్తింది.

డబ్బాలో ఆ మందు లేదు. ముందు రోజు ఎవరో వాడారు, తెచ్చి పెట్టలేదు. ఎవరో నాకూ తెలియదు.

డ్యూటీ డాక్టరుకు ఫోను చేసింది. ఆయన కింద క్యాజువాలిటీలో కుట్లు వేస్తున్నాడు. ఫోను స్పీకరు మీద ఉండటంతో నాకూ వినిపించింది. "అడ్రినలిన్ ఇయ్యి. డబ్బాలో లేదా? అయితే... బండి సీలు నేను వచ్చాక తీద్దాం, సారు నన్నడుగుతారు. నాలుగు కుట్లే, వచ్చేస్తున్నా. రాహేలు సిస్టర్‌ని అడుగు ఈలోపు."

రాహేలమ్మ రౌండ్సులో ఉంది. దీవెన మెట్లెక్కి సగం దాకా వెళ్లింది. పైన గుంపు మధ్యలోంచి రాహేలమ్మ ఆమెను చూసింది, కళ్లతోనే 'ఇప్పుడు కాదు' అంది. దీవెన అక్కడినుంచే వెనక్కి తిరిగి దూకుతూ దిగింది. ఆ మాత్రానికి ఎంతసేపు? అయిదు నిమిషాలు. మంచి బేరగాడు టీ తాగేంతసేపు.

ఈసారి ఆ పిల్ల ఎవరినీ అడగలేదు. వచ్చీ రాగానే సీలు తెంచింది. సొరుగు లాగింది.

నేను తెరుచుకోలేదు.

మళ్లీ లాగింది. సొరుగు రాలేదు, నేనే మొత్తం ఆమె మీదికి దొర్లుకుంటూ వెళ్లాను. నా చక్రాల బ్రేకు ఎప్పుడో విరిగింది, దానికీ నెలనెలా టిక్కు ఉంది. ఒక కాలు నా చక్రానికి అడ్డం పెట్టి, రెండు చేతులా లాగింది. గోరు విరిగి నెత్తురు నా ఎర్ర రంగు మీద పడింది, కనిపించలేదు. మంచం మీద నాగరత్నం ఒక చెయ్యి పైకెత్తింది. పక్కనుంచి కొట్టినట్టు సైగ చేసింది. మాట లేదు. ఊపిరి కోసం కొట్టుకుంటోందని దీవెన అనుకుంది. ఏం చెబుతోందో నాకు అర్థమైంది. వ్యాపారం తెలిసినవాళ్లం మేమిద్దరమే కదా అక్కడ.

చివరికి సొరుగు సగం ఊడి వచ్చింది. మందు పడింది. పన్నెండు కాకముందే నాగరత్నం పోయింది.

సాయంత్రం ఆమె భర్త సంచీ తీసుకుపోవడానికి వచ్చాడు. బక్కపలచటి మనిషి. తెగిన సీలు ముక్క నా పిడికి ఇంకా వేలాడుతూనే ఉంది. ఆయన దాని పక్కనే నిలబడి దీవెనతో అన్నాడు, "నువ్వేనా పాపా దీవెనంటే? ఫోను చేసినప్పుడల్లా నీ మాటే చెప్పేది. బాగా చూసుకుంటున్నావంట. నీకు పుణ్యముంటది." దీవెన ఏదో చెప్పబోయింది. గోడ పక్కన వల్లభరావు గారు నిలబడి ఉన్నారు. సంచీ అందించింది.

దీవెన మెమో రాసింది. డబ్బా సంగతి, ఫోను సంగతి, సొరుగు ఇరుక్కున్న సంగతి, అన్నీ ఉన్నాయి అందులో. రాహేలమ్మ చదివి డబ్బా సంగతి తీసేయమంది. "ఆ డబ్బా లేకపోతే రేపు ఇంకొకళ్లు పోతారు పిల్లా" అంది. డ్యూటీ డాక్టరు వచ్చి ఫోను సంగతి తీసేయమన్నాడు. అతనికి పీజీ సీటుకు పెద్ద డాక్టరు గారి ఉత్తరం కావాలి. మిగిలింది సొరుగు సంగతి. దాన్ని తీసుకుని సోమవారం నిలబడింది.

వల్లభరావు గారు కోప్పడలేదు. నా పక్కనుంచి చెక్కు కాగితం తీసి ఆమెకు చూపించారు.

"సొరుగు ఇరుక్కుందంటున్నావు. ముందు రోజు సజావుగా తెరుచుకుంటోందని టిక్కు పెట్టిందెవరు?"

"నేనే సార్."

"అబద్ధం టిక్కులోదా, మెమోలోదా?"

ఆ రోజు ఎవరూ నవ్వలేదు. రాహేలమ్మ నేల చూపులు చూసింది. ఆ కాగితం మీద పదకొండు నెలల టిక్కులు ఉన్నాయి, అందులో నాలుగు రాహేలమ్మవే. నాకు నోరుంటే చెప్పేదాన్ని. ఆ గదిలో నోరున్నవాళ్లు పద్నాలుగు మంది.

గురువారం మధ్యాహ్నం టైపు చేసిన కాగితం ఒకటి తెచ్చారు. బల్ల మీద కేసుషీట్లు పరిచి ఉన్నందువల్ల దాన్ని నా నెత్తి మీద పళ్లెంలో పెట్టారు. 'మందు ఇవ్వడంలో జరిగిన ఆలస్యం నా సొంత అజాగ్రత్త వల్లనే. పరికరాలలో గాని, పద్ధతులలో గాని లోపం లేదు.' కింద దీవెన పేరు. ఆ కాగితం పక్కనే వల్లభరావు గారు ఒక గోధుమరంగు కవరు పెట్టారు. అందులో ఆమె సర్టిఫికెట్లు ఉన్నాయి.

"సంతకం పెట్టు, కవరు తీసుకో. పదకొండు నెలలు వదిలేస్తున్నాం. గవర్నమెంటు పోస్టులు పడుతున్నాయంట కదా, వెళ్లి బాగుపడమ్మా. నేను నీ మంచికే చెప్తున్నా." ఆ మాట ఆయన నిజంగానే నమ్మి అన్నారు. అదే నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు.

"ఆ పిన్నిగారి ఆయనకి చెప్పారా సార్?" అంది దీవెన.

"ఏమని?"

ఆమె పెన్ను అందుకుంది. సంతకం పెట్టింది. పెన్ను ఈసారి కూడా ఆగింది, ఒక మనిషి ఊపిరి పీల్చి వదిలినంతసేపు. కవరు గుండెకు అదుముకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ పిల్లను చూడలేదు. పోస్టు వచ్చిందో లేదో తెలియదు. వచ్చినా, అక్కడ ఒక బండి ఉంటుంది, దాని పక్కన ఒక కాగితం వేలాడుతుంటుంది.

తర్వాత ఆసుపత్రి నేర్చుకున్న పాఠం ఒకటుంది. అప్పటినుంచి నాకు రెండు సీళ్లు వేశారు. మందులు నింపడానికి వచ్చినవాళ్లు సొరుగు సగమే రావడం చూసి, ఆ సందులోంచే బుడ్లు లోపలికి తోసి, మళ్లీ గట్టిగా మూసేశారు. బిగుతుగా ఉందని రాస్తే విరగ్గొట్టింది ఎవరని అడుగుతారు. నెలనెలా టిక్కు పడుతూనే ఉంది. బిస్కెట్ల డబ్బా కొత్తది వచ్చింది, కాస్త పెద్దది.

రెండేళ్లకు రంగురంగుల ప్లాస్టిక్ బండ్లు వచ్చాయి. నన్ను మెట్ల కిందికి నెట్టారు. లోపలి సరుకు తీసేయాలంటే సీళ్లు తెంచాలి, తెంచితే మెమో, మెమోకు ముగ్గురి సంతకాలు. ఎవరికీ తీరిక లేకపోయింది. సరుకుతోనే తుక్కు కొనే ఆయనకు అప్పజెప్పారు.

మూడోసారి నన్ను తెరిచింది ఆయనే. రైలుకట్ట పక్కన ఆయన పాకలో నన్ను దించి, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని భార్యతో మాట్లాడుతూ నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "వంకాయ వద్దులే, గోంగూర చెయ్యి" అంటూ బొటనవేలు దూర్చి రెండు సీళ్లూ ఒక్క లాగులో తెంచాడు. ఎవరినీ అడగలేదు. సొరుగు లాగాడు, రాలేదు. లేచి, పక్కనుంచి కాలితో ఒక తాపు తన్నాడు.

తెరుచుకుంది.

ఎడమ గడిలో ఎర్ర చీటీ కింద ఆ మందు బుడ్లు అలాగే వరసగా ఉన్నాయి, గడువు తీరిపోయి. ఆ బుడ్లను సంచీలోకి విదిలించి, చెక్కు కాగితంతో చేతికంటిన తుప్పు తుడుచుకున్నాడు. మిగతా నాలుగు సొరుగులూ వరసగా లాగి చూశాడు.

అన్నీ సజావుగా తెరుచుకుంటున్నవి.